పులి కనబడకపోతే డబ్బు దండగేనా?



ఈ వేసవిలో మా సంఘ యవ్వనస్థులను నల్లమల సఫారీకి తీసుకెళ్లాలన్న మాట వచ్చింది. అప్పటినుంచి రకరకాల అభిప్రాయాలు మా చెవిన పడుతున్నాయి. అడవి జంతువుల్ని చూడటం ఆత్మీయ కార్యక్రమం ఎలా అవుతుందని కొందరు పెద్దలు. పులి కనబడుతుందన్న గ్యారంటీ లేనప్పుడు జీపుకు అంత డబ్బు దండగని మరికొందరు. ఒక రైతు సోదరుడైతే, "జంతువుల్ని చూడ్డానికి డబ్బులెందుకు అయ్యగారూ, రాత్రికి మా చేనికి రండి, ఊరకే చూపిస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. మా లెక్కలో మొదట జవాబు చెప్పవలసింది ఆ సోదరునికే.

అడవి అంచున బతికే మనకు అడవిపంది అంటే ఫొటో కాదు. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు పందుల మంద ఒక్క రాత్రి చేలో పడితే, తెల్లారేసరికి దుక్కి దున్నినట్టు ఉంటుంది. చేను చుట్టూ పాత చీరలు కట్టాలి. మంచె మీద టార్చి పట్టుకుని, డబ్బా వాయిస్తూ, తెల్లవార్లూ కూర్చోవాలి. ఆదివారం ఆరాధనలో కునికిపాట్లు పడే సోదరులను మేము ఎన్నడూ గద్దించకపోవడానికి కారణం ఇదే. కొందరు తెగించి కరెంటు తీగ లాగుతున్నారు. పందికని పెట్టిన తీగకు మనిషి ఎవరో తెలియదు. పొద్దున్నే నీళ్లు కట్టడానికి వెళ్తూ అలాంటి తీగ తొక్కిన ఒక యువకుణ్ణి మేమే సమాధి చేసి వచ్చాం. ఆ తల్లితో ఏం మాట్లాడాలో ఆ రోజు మాకు దొరకలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలా ఉంచండి, ఆ తీగ హత్య. మా సంఘంలో ఎవరూ ఆ పని చేయకూడదని ఇక్కడ మళ్లీ రాస్తున్నాం.

ఇక పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్లను చూడండి. వాళ్లు అదే జంతువు కోసం డబ్బు కట్టి, తెల్లవారుజామునే లేచి, కెమెరా పట్టుకుని ఎదురుచూస్తారు. కనబడితే వాళ్లకు లాభం, కనబడితే మనకు నష్టం. రెండు లెక్కల్లోనూ ఆ జంతువు బతుకు లేదు, మన జమాఖర్చే ఉంది. మా పిల్లలను అడవికి తీసుకెళ్లాలని మేము గట్టిగా అనడానికి కారణం ఇక్కడుంది. వాళ్లకు పంది దొంగ, కోతి పీడ, ఎలుగుబంటి భయం. ఆ జీవిని దాని సొంత ఇంట్లో, దాని పని అది చేసుకుంటుండగా వాళ్లు ఒక్కసారీ చూడలేదు.

ఇది ఆత్మీయమా అని అడిగిన పెద్దలు యోబు గ్రంథం 38, 39 అధ్యాయాలు తీసి చూడాలని మనవి. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి దేవుణ్ణి జవాబు అడిగాడు. దేవుడు అతని కురుపుల మాట ఎత్తలేదు, పోయిన బిడ్డల మాట ఎత్తలేదు. సింహం పిల్లల ఆకలి గురించి, కాకి పిల్లల అరుపు గురించి, కొండమేకలు ఈనే కాలం గురించి, ఎవరికీ లొంగని అడవిగాడిద గురించి అడుగుతూ పోయాడు. యుద్ధానికి వెళ్లే గుర్రాన్ని పక్కన పెడితే, అక్కడున్న జంతువుల్లో మనిషికి పనికొచ్చేది దాదాపు ఏదీ లేదు. పెరట్లో గేదె గురించి అడిగి ఉంటే యోబు టకటకా జవాబు చెప్పేవాడేమో! మనిషి కంటపడకుండా, మనిషి చేతి మేత లేకుండా సాగే బతుకులను దేవుడు ఎరుగును, వాటి ఆకలి ఆయన వింటాడు. దుఃఖంలో ఉన్న ఒక మనిషికి ఆయన చూపించినది అది. జీపెక్కి అది చూడటం ఆత్మీయం కాదంటే మేము ఒప్పుకోం.

ఇప్పుడు పులి సంగతి. మన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. అలా విడిపోయిన తరువాత కూడా దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో మనదే పెద్దది. పెద్దది కాబట్టే పులి కనబడటం కష్టం. లోయలు, గుట్టలు, వెదురు పొదలు. తుమ్మలబైలులోనో బైర్లూటిలోనో జీపెక్కి ఒక పూట తిరిగినవారికి దుప్పులు కనబడతాయి, నెమళ్లు కనబడతాయి, అదృష్టముంటే ఎలుగు. పులి కనబడితే అది పదిమందికీ చెప్పుకునే విశేషం. మహారాష్ట్రలోని తాడోబా వంటి చోట్ల చూసినంత తేలిగ్గా ఇక్కడ కనబడదు.

అయితే ఏమిటట? మెత్తటి మట్టి మీద అడుగుజాడ ఉంటుంది. చెట్టు బెరడు మీద గోళ్ల గీతలుంటాయి. చెట్టు చివర కూర్చున్న కొండముచ్చు ఒక్కసారిగా ఖేక్ మంటుంది, కింద దుప్పులు తోక ఎత్తి ఒకే వైపు చెవులు నిక్కబొడుస్తాయి. పులి ఉన్నట్టే. చెంచు సోదరులు ఈ గుర్తులు చదవడం చిన్ననాడే నేరుస్తారు. అడవిలో బేస్ క్యాంపుల్లో ఉండి పులికి కాపలా కాసేవారిలో ఎందరో వారే. మా పిల్లలు జీపు దిగాక సెల్ఫీ కోసం కాకుండా అలాంటి ఒకరితో అరగంట కూర్చుని మాట్లాడితే చాలు, డబ్బు గిట్టినట్టే. అయినా కనబడని దాన్ని నమ్మడం గురించి వారం వారం ప్రసంగాలు వినే మనమే, పులి కనబడలేదని ముఖం మాడ్చుకుంటే ఎలా?

కనబడి తీరాలి అన్న పట్టుదల ఊరికే పోదు. పులి వేటాడిన ప్రతిసారీ దొరకదు. పది, ఇరవై ప్రయత్నాల్లో ఒకటి ఫలిస్తే గొప్ప. కూనలను తల్లి ఒక్కతే రెండేళ్ల దాకా సాకాలి. అలాంటి తల్లి గంటల తరబడి పొంచి ఉన్నచోటికి నాలుగు జీపులు వచ్చి ఇంజను ఆపకుండా నిలబడితే, దుప్పి పోతుంది, ఆ పూట కూడు పోతుంది. డ్రైవరును తిట్టి లాభం లేదు. పులిని చూపిస్తే అదనంగా ఇస్తామని ఆశపెట్టేది మనమే. పరిస్థితి ఎంత దూరం వెళ్లిందంటే 2012లో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల లోపలి ప్రాంతంలో పర్యాటకాన్ని కొన్ని నెలలు ఆపేసింది. తరువాత వచ్చిన నిబంధనల్లో ఆ లోపలి ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకులకు తెరవకూడదని పెట్టారు.

వానాకాలం మూడు నెలలు నల్లమల సఫారీలు మూసేస్తారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు శ్రీశైలం దారిలో దోర్నాల దగ్గర, మన్ననూరు దగ్గర వాహనాలను ఆపేస్తారు. సువార్త సభ ముగించుకుని వస్తూ ఆ గేటు దగ్గర చిక్కుకుని విసుక్కునే సేవకులు మాకు తెలుసు. 104వ కీర్తన రాసిన భక్తుడు రాత్రిని అడవి మృగాలకు, పగటిని మనిషి పనికి పంచిపెట్టాడు. ఆ గేటు చేస్తున్నదీ అదే పని కాబట్టి విసుక్కోవద్దు, కారులో పడుకోండి.

ఘాట్‌రోడ్డులో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరే అలవాటు మన విశ్వాసుల్లోనూ ఉంది. అది దయ అనుకుంటారు. ఆ పండు కోసం రోడ్డు మీదికి దూకిన పిల్లకోతి వెనక కారు కింద పడుతుంది. మనిషి చేతి తిండి మరిగిన మంద అడవిలో కాయలు వెతకడం మానేసి ఊళ్ల మీద పడుతుంది. కాబట్టి మా బస్సులో కిటికీలోంచి ఏదీ బయటికి పోదు, చిప్స్ ప్యాకెట్టుతో సహా. పులిహోర డబ్బాల్లో కట్టుకుందాం. జీపులో పాటలు కూడా వద్దు. స్తుతి పాటలైనా సరే. ఆ రెండు గంటలూ దుప్పి చెవికి మనం వినబడకుండా ఉండటమే మేలు.

మొదట చెప్పిన రైతు సోదరుని మాట ఇంకా తేలలేదు. పాత కర్నూలు జిల్లాలోని రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. ఎత్తైన కాళ్లు, నిటారైన మెడ, నేల మీదే సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెట్టే పక్షి. దాన్ని చూడటానికి దూరదేశాల నుంచి జనం వచ్చేవారు. రక్షణ దొరకడంతో కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి, రైతులకు కడుపు మండింది. మరెన్నో కారణాలు కూడా తోడయ్యాయి. ఇవాళ రోళ్లపాడు వెళ్లినవారికి జింకలు కనబడతాయి గాని బట్టమేక దాదాపు కనుమరుగైంది. చుట్టూ ఉన్న పేదవాడు పగబట్టిన చోట ఏ కంచే ఏ జీవినీ ఎక్కువకాలం కాపాడలేదు.

నెల్లూరు వైపు నేలపట్టులో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడి చెరువు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులకు తరతరాలుగా తెలుసు, ఆ పక్షులు రావడం శుభమని వాళ్లు అనుకుంటారు. అక్కడ రైతుకు ముట్టింది, పక్షి మిగిలింది.

నిర్గమకాండం 23వ అధ్యాయంలో, ఏడో ఏట భూమిని బీడు వదలమని ఆజ్ఞ ఉంది. ఆ ఏడు పండినది ముందు పేదలు తినాలి, వారు మిగిల్చినది అడవి జంతువులు తినాలి. ఒకే ఆజ్ఞలో పేదవాడూ ఉన్నాడు, మృగమూ ఉంది. ఆ వరసను ఇప్పుడు మనం తిరగేశాం. పంది ముందు తింటోంది, రెండెకరాల రైతు నష్టపరిహారం కోసం ఫొటోలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నాడు. 2022 లెక్కల్లో దేశంలో పులుల సంఖ్య సగటు అంచనా 3,682కు చేరింది, 2006లో అది 1,411. దేవునికి స్తోత్రం. ఆ పెరుగుదలకు వెల కట్టినవారిలో అడవి అంచు రైతు ఉన్నాడు, చెంచు ఉన్నాడు. సఫారీ టికెట్టు మీద వచ్చే డబ్బులో ఒక వాటా అంచు గ్రామాల చేలకు సోలార్ కంచెలుగా, పంట నష్టం సొమ్ముగా నేరుగా రావాలని మేము కోరుతున్నాం. టికెట్టు కొనే మనం ఆ మాట అడగడానికి హక్కుదారులం.

వచ్చే గ్రామసభలో ఇది పెట్టాలని సంఘ పెద్దలతో మాట్లాడాం. ఎవరి చేను ఏ నెలలో ఎంత పోయిందో సర్వే నంబరుతో సహా రాసుకుని రండి. అర్జీ రాయడంలో చేయి తిరిగినవారు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి.