రాబిన్‌ని చూసి నవ్వకండి

1966లో అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్’ సీరియల్‌లో రాబిన్ అంటే అందరికీ కామెడీనే. ప్రతిదానికీ ‘హోలీ’ అంటూ అరుస్తాడు కదా! ఆ పాత్ర వేసిన బర్ట్ వార్డ్‌కి అప్పుడు 20 ఏళ్లే, నాకంటే ఒక్క ఏడాది పెద్ద.

నాకు మాత్రం రాబినే నచ్చాడు. ఆశ్చర్యం వేస్తే దాచుకోడు. తెలియకపోతే అడిగేస్తాడు. రిడ్లర్ పొడుపుకథలు విప్పడంలో అతనిదీ పెద్ద చెయ్యే.

మరి మనం? క్లాసులో “డౌట్స్ ఉన్నాయా?” అంటే తలలు దించుకుంటాం. పోయిన సెమ్‌లో పాయింటర్స్ అర్థం కాకపోయినా నేను తలూపేశాను. ల్యాబ్ ఎగ్జామ్‌లో ఒక్క ప్రోగ్రామూ రన్ అవ్వలేదు.

ఆ రోజు చెయ్యెత్తి ఉంటే మహా అయితే నవ్వేవాళ్లు. రాబిన్‌ని చూసి ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, అతనికేం తగ్గింది?