వేసవి బడిలో కూలి లెక్క

2011 నవంబరులో అమెరికాలోని హార్వర్డు విద్యార్థులు కొందరు అర్థశాస్త్రం క్లాసులోంచి లేచి బయటికి నడిచారు. అసమానతల్ని నిలబెట్టే చదువు ఇదన్నారు. అలాంటి ప్రశ్నలున్న పరిశోధక విద్యార్థులకు దేశదేశాల్లో వేసవి బడులు నడుస్తున్నాయి. కాలేజీలు మూలకి నెట్టిన మార్క్సునీ, కీన్సునీ అక్కడ చదువుతారు.

మనకెందుకులే అనుకోవద్దు. ఎంత పండిస్తే అంత కూలి దక్కుతుందంటుంది మూస పుస్తకం. మరి రోజంతా నడుం వంచి నాట్లేసే ఆడకూలీకి మగకూలీకన్నా తక్కువెందుకు? భూమి ఎవరిది, అప్పు ఎవరిది అని అడగందే జవాబు దొరకదు.

ఈ దారిలోని ఆర్థికవేత్త జయతీ ఘోష్. 2004లో ఆంధ్రప్రదేశ్ రైతు సంక్షేమ కమిషనుకు అధ్యక్షురాలు ఆమే. కౌలుదార్లను గుర్తించి అప్పులివ్వాలని కమిషను చెప్పింది. రుణ అర్హత కార్డుల చట్టానికి 2011 దాకా పట్టింది! కార్డున్నా బ్యాంకు గుమ్మం దాటనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మేం అడిగేదొకటే: ఆ పాఠాలు తెలుగులో మన పేటలకు రావాలి. చదివినవాళ్లు కూలిరేట్ల సభలో మన పక్కన కూర్చోవాలి.