గెయిటీ సినిమాశాల

నగరచరిత్ర యనగానే మనకు కోటలు, కోవెలలు, రాజప్రాసాదములు జ్ఞప్తికి వచ్చును. అవి గొప్పవే, కాదనువారు లేరు. కాని పగలెల్ల కష్టించిన సామాన్యజనులు సాయంకాలమున ఒకచోట చేరి, కలసి నవ్వి, కలసి కన్నీరు కార్చిన స్థలములకును చరిత్ర కలదు. పేటలలోని పాత సినిమాశాలలు అట్టి స్థలములు. అవి యొక్కటొక్కటిగా కనుమరుగగుచున్న యీ కాలమున వానినిగూర్చి యాలోచించుట యవసరము. ఇందులకు గెయిటీ సినిమాశాల కథ తగిన యుదాహరణము.

నేడు చెన్నై యని పిలువబడు మదరాసు నగరమున, మౌంటు రోడ్డునకు చేరువనున్న బ్లాకర్సు రోడ్డులో, 1914లో ఈ శాల వెలసినది. దానిని కట్టించినవారు తెలుగువారు. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు. ఆయన మదరాసులో ఛాయాచిత్రములు తీయు స్టూడియో నడుపుచుండెడివారు. 1910లో క్రోనోమెగాఫోను అను యంత్రమును సంపాదించిరి. అది తెరపై బొమ్మలను కదలించుచు, జతగా గ్రామఫోను రికార్డునుండి ధ్వనిని వినిపించెడిది. ఆ యంత్రముతో మదరాసులో చిన్నచిన్న చిత్రములను ప్రదర్శించి, పిదప ఊరూర తిరిగి, సింహళమునకును బర్మాకును సైతము వెళ్లివచ్చిరి. డేరాలలో తలదాచుకొనుచుండిన సినిమాకు స్థిరమైన యిల్లు కావలెనని తలచి గెయిటీని నిర్మించిరి. మదరాసులో భారతీయుడు కట్టించిన మొదటి సినిమాశాల యిదియే. తరువాత మింటు వీధిలో క్రౌను, పురసవాక్కములో గ్లోబు అను శాలలను కూడ ఆయన నెలకొల్పిరి. ఆయన కుమారుడు ప్రకాశుగారు విదేశమున ఈ విద్య నేర్చివచ్చి, "భీష్మప్రతిజ్ఞ" అను మూకీచిత్రమును తీసిరి.

మూకీచిత్రమనగా మాటలేని చిత్రము. కథ తెలియుటకై తెరపై నడుమనడుమ అక్షరములు కనబడెడివి. చదువు వచ్చినవారు బిగ్గరగా చదువగా, రానివారు విని గ్రహించెడివారు. ఆనాటి శాలలు పెక్కింట కథను వివరించుటకు వ్యాఖ్యాతయు, సన్నివేశమునకు తగినట్లు వాయించుటకు వాద్యగాండ్రును ఉండెడివారు. ఒకే యంత్రమున్నచోట, ఒక చుట్ట ముగిసి మరియొకటి ఎక్కించువరకు ఆట ఆగెడిది. ఆ విరామమున ప్రక్కవారితో మాట కలిసెడిది. చీకటిలో ముక్కుమొగము తెలియనివారు వెలుతురులో పరిచితులైరి.

ఇందొక విశేషము కలదు. ఆ కాలమున మన సమాజమున ఎవడెచట కూర్చుండవలెనో పుట్టుకయే నిర్ణయించుచుండెను. సినిమాశాల వాకిట నిలిచినవాడు చాలవరకు టికెట్టునే అడిగెను. ధనభేదము మాత్రము తొలగలేదు; నేల, బెంచి, కుర్చీ యను తరగతులుండెను. అయినను నేలపై కూర్చున్నవాడును కుర్చీలో కూర్చున్నవాడును ఒకే కప్పు క్రింద, ఒకే తెరను, ఒకే క్షణమున చూచిరి. ఇది స్వల్పవిషయము కాదు.

1931లో మన దేశమున చిత్రమునకు మాట వచ్చినది. 1932లో "భక్తప్రహ్లాద" తెలుగులో మాటలాడినది. మూకీశాలలు టాకీసులైనవి. పిదప కొన్ని దశాబ్దములపాటు వానికి వైభవము సాగినది. తరువాత టెలివిజను ఇంటింట ప్రవేశించినది. ఒకే భవనమున పెక్కు తెరలుగల శాలలు వచ్చినవి. నగరము నడిబొడ్డున నేలకు వెల పెరిగినది. పాతశాలలకు వచ్చుబడి తగ్గెను. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో గెయిటీయు మూతపడి, పిమ్మట నేలమట్టమైనది.

ఇచ్చట మరియొక భవనమును స్మరింపవలెను. గెయిటీకి ఒక యేడు ముందుగా, 1913లో, మౌంటు రోడ్డున వార్విక్ మేజర్ అను దొర ఎలక్ట్రిక్ థియేటరు నెలకొల్పెను. అది సినిమాశాలగా నడచినది రెండేండ్లే. 1915లో ఆ స్థలమును తపాలాశాఖవారు కొనిరి. వారు పాతకట్టడమును పడగొట్టక, తపాలాబిళ్లల విభాగమునకు వినియోగించిరి. రెండేండ్లు ఆడిన శాల అట్లు నిలిచినది. తొంబది యేండ్లపాటు జనుల నలరించిన శాల నిలువలేదు. ఏల? మొదటిదానికి క్రొత్త పని దొరకినది, రెండవదానికి దొరకలేదు. ప్రయోజనము కల్పించినగాని పాతకట్టడము నిలువదని దీనివలన తెలియుచున్నది. కేవలము విచారించుటవలన ఒక యిటుకయైనను నిలువదు.

"సినిమాశాల యేమి పుణ్యక్షేత్రమా? పిల్లలు చదువు మాని పరుగెత్తిన చోటునకు ఇంత గౌరవమేల?" అని కొంద రనవచ్చును. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని మంచిచెడ్డలు రెండును చరిత్రయే. "నష్టము వచ్చు శాలను యజమాని యెంతకాలము భరించును?" అని మరికొంద రందురు. ఇదియు న్యాయమైన ప్రశ్నయే. ప్రజల జ్ఞాపకమును కాపాడు భారమును ఒక్కనిపై మోపుట ధర్మము కాదు. అది ప్రజలు, ప్రభుత్వము కలసి వహింపవలసిన భారము. ముఖ్యమైన పాతశాలను గ్రంథాలయముగనో, నాటకశాలగనో, ప్రదర్శనశాలగనో మార్చవచ్చును. అది సాధ్యము కానిచోట దాని పేరును, కట్టినవారిని, కట్టిన సంవత్సరమును తెలుపు శిలాఫలకమొకటి నిలుపవచ్చును. దానికగు వ్యయ మెంత?

వెంకయ్యగారి పేర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చలనచిత్ర పురస్కారమును నెలకొల్పినది. ఇది హర్షింపదగినది. కాని పురస్కారము ఆయన పేరును తెలుపును. ఆయన శాలలో బెంచీలపై కూర్చున్న జనులనుగూర్చి తెలుపదు. వారి కథ వారి నోటనే వినవలెను. చెప్పువారు లేనిచో అది వారితోనే పోవును.

విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. తమ యూరిలో మూతపడిన సినిమాశాల యున్నచో దాని వాకిటిని చూచి రావలెను. పిదప ఇంటిలోని తాతలను, అవ్వలను అడుగవలెను: అచట నేలటికెట్టు ఎంత యుండెను? ఆటకు ముందు ఏ పాట వినబడెడిది? దూరపు పల్లెలవారు ఎట్లు వచ్చెడివారు? వినినదానిని తేదీలతో ఒక పుస్తకమున వ్రాసి పాఠశాల గ్రంథాలయమున నుంచవలెను. గోడలను నిలుపుట పిల్లలకు సాధ్యము కాదు. అడిగి వ్రాయుట సాధ్యము. అడుగుటకు పెద్దలున్నంతలోనే ఆ పని జరుగవలెను.