ఊరికే నడిస్తే నేరమా?

వారపత్రిక గుమ్మంలో పడగానే సీరియల్ నేను ముందంటే నేను ముందని అక్కచెల్లెళ్ళు పరుగులు తీసిన ఇళ్ళు మనలో చాలామందికి గుర్తే. కానీ ఒక నవల పేరు పెట్టుకుని, చొక్కాకి నంబరు తగిలించుకుని, వేలాదిమంది నడిరోడ్డు మీద పరిగెత్తడం ఎప్పుడైనా విన్నారా?

అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ అని ఒక వూరుంది. అక్కడ మే నెల మొదటి ఆదివారం 'లైలాక్ బ్లూమ్స్ డే రన్' అని 12 కిలోమీటర్ల పరుగు పెడతారు. 1977లో దీన్ని మొదలుపెట్టినాయన డాన్ కార్డాంగ్. అంతకుముందు ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో నాలుగోవాడుగా వచ్చి, కొద్ది సెకన్లలో కంచు పతకం పోగొట్టుకున్న మనిషి. మొదటి ఏడు వెయ్యిమందికి పైగా వచ్చారు. 1996లో ఆ లెక్క 60,000 దాటింది! దారిలో నిటారుగా ఒక మిట్ట వుంది. దానికి 'డూమ్స్ డే హిల్' అని పేరు - ప్రళయపు మిట్ట అన్నమాట. అది ఎక్కి, చివరి గీత దాటినవాళ్ళకే చొక్కా ఇస్తారు. ఆ ఏటి చొక్కా రంగేమిటో, బొమ్మేమిటో గీత దాటేదాకా రహస్యం. మన చీరల కొట్టువాళ్ళకి కూడా తట్టని కిటుకు!

బ్లూమ్ అంటే జేమ్స్ జాయిస్ 'యులిసిస్' నవలలో కథానాయకుడు. 1904 జూన్ 16న డబ్లిన్ నగరంలో, పొద్దుటినించి అర్ధరాత్రి దాటేదాకా ఆయన తిరిగిన తిరుగుడే కథ. పుస్తకం 1922లో వచ్చింది. మనసులో మాటలు ఎట్లా పుడితే అట్లా రాసుకుపోయే ఆ పద్ధతికి మనవాళ్ళు 'చైతన్య స్రవంతి' అని అందమైన పేరు పెట్టారు. ఉస్మానియాలో ఒక విద్యార్థి గడిపిన ఒకే ఒక్క రోజుని నవీన్ గారు 'అంపశయ్య'గా రాశారు చూడండి, అది చదివినవాళ్ళకి ఈ రుచి కొత్తకాదు. డబ్లిన్‌లో జూన్ 16ని 'బ్లూమ్స్ డే' అని పండగ చేస్తారు. గడ్డి టోపీలు పెట్టుకుని తిరుగుతారు, పాతకాలపు సైకిళ్ళు తొక్కుతారు. నవల మొదలయ్యే రాతిబురుజు పక్కన, 'ఫార్టీ ఫుట్' అనే చోట, ఎముకలు కొరికే చల్లటి సముద్రంలో మునుగుతారు. స్పోకేన్ వాళ్ళు జూన్ దాకా కూడా ఆగలేదు. వాళ్ళ వూళ్ళో లైలాక్ పూల పండగ మేలో కదా మరి!

"ఈ పరిగెత్తేవాళ్ళలో ఆ పుస్తకం చదివినవాళ్ళెంతమందట?" అని ముక్కు విరిచే పండితులున్నారు. ఉంటారు, ఎక్కడ లేరు గనక! ఆ మాటకొస్తే జాయిస్‌ని కట్టుకున్న నోరా బార్నకల్ కూడా ఆ పుస్తకం పూర్తిగా చదవలేదని జీవిత చరిత్రలు రాసినవాళ్ళే చెప్తున్నారు. ఏ ఆడమనిషి వల్ల ఆ తారీఖుకి ఆ విలువ వచ్చిందో ఆవిడే చదవలేదు. ఇక స్పోకేన్‌లో బూట్లు తొడుక్కున్న గృహిణిని మనమేం నిలదీస్తాం? నవలలు రాసుకునేదాన్ని చెప్తున్నాను, పరిగెత్తనివ్వండి! నా నవలల పేరు మీద ఎవరూ వీధి చివరిదాకా కూడా నడవరు. వాటి కాగితాల్లో శనగపప్పు పొట్లాలు కట్టడం మాత్రం చూశాను.

నా తగువు పండితులతో కాదు. నవల పేరు మీద ఆరోగ్యం అమ్మేవాళ్ళతో. "క్లాసిక్ చదవండి, ఒంట్లో కొవ్వు కరిగించండి!" అన్నట్టుగా తయారైన కొత్త వేడుకలతో. చల్లటి నీళ్ళలో మునిగితే నరాలకి మంచిది, పరిగెత్తితే గుండెకి మంచిది, ఆరుబయట ఒళ్ళు వంచితే మనశ్శాంతి... అన్నీ మంచివే, కాదనను. కానీ దానికి ఈ నవల దొరికిందా?

ఎందుకంటే ఆ పనంతా జాయిస్ అందులో ముందే చేసి, కడుపుబ్బా నవ్వేశాడు. బ్లూమ్‌గారికి పొద్దున్నే ఒక ఆలోచన వస్తుంది - మానేసిన శాండో కసరత్తులు మళ్ళీ మొదలుపెట్టాలి అని. (ప్రతి జనవరి ఒకటో తారీఖునా మీ ఇంట్లో మగవాళ్ళకి వచ్చే ఆలోచనే!) ఈ శాండో మనకి బొత్తిగా తెలియని మనిషేం కాదు. యూజెన్ శాండో అని ఆ రోజుల్లో కండలు చూపించి ప్రపంచమంతా తిరిగిన వస్తాదు. మన దేశానికీ వచ్చి వెళ్ళాడు. ఇప్పటికీ మనింటి దండెం మీద ఆరేసే 'శాండో బనీను' ఆయన పేరుదే. నవల చివర్లో బ్లూమ్ కొలతల పట్టిక కూడా ఇస్తాడు రచయిత. రెండు నెలలు వరసగా శాండో కప్పీతాళ్ళు లాగి లాగి ఛాతీ 28 అంగుళాల నించి 29½ అంగుళాలైందట! మందులషాపు యంత్రం మీద నిలబడి చూసుకున్న బరువు కూడా రాశాడు - పదకొండు స్టోన్ల నాలుగు పౌన్లు. మన లెక్కలో 72 కిలోలకి కాస్త తక్కువ. ఇహ ఇంకో నాయకుడు, స్టీఫెన్ అనే కుర్రాడున్నాడే, ఆయన ఒంటి మీద నీళ్ళు పోసుకుని ఎనిమిది నెలలైంది. కిందటి అక్టోబరులో చేసిందే ఆఖరి స్నానం. అటువంటి మహానుభావుడి పేరు చెప్పి జనం సముద్రస్నానం చేస్తుంటే ఆ కుర్రాడికి జ్వరమొచ్చి వుండేది.

మరి నవలలో పెద్ద సంగతి ఏమిటీ అంటే - నడక. ఉత్త నడక. బ్లూమ్‌కి పనులు లేకపోలేదు, ఒక స్నేహితుడి చావుకి వెళ్ళాలి, ఒక పత్రికలో ప్రకటన వ్యవహారం చూడాలి. ఇంటికి తొందరగా పోకపోవడానికి గుండెల్లో ఒక ముల్లు కూడా వుంది, అది పుస్తకంలోనే చదువుకోండి. కానీ ఆ పనికీ ఈ పనికీ మధ్య ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని గంటలు బోలెడున్నాయి ఆయనకి. వంతెన మీద ఆగుతాడు. పక్షులకి రొట్టె కొని వేస్తాడు. గుడ్డివాణ్ణి రోడ్డు దాటిస్తాడు. జున్నుముక్క పెట్టిన రొట్టె తిని, ఇంత ద్రాక్షసారా పుచ్చుకుని మళ్ళీ నడుస్తాడు. ఎన్ని మైళ్ళు నడిచాడో ఆయనకీ తెలీదు, అక్కర్లేదు.

ఆ రోజంతా ఆయన భార్య మోలీ ఎక్కడుంది? ఇంట్లో! మనం ఆవిణ్ణి చూసేదల్లా చాలావరకు మంచం మీదే. రాత్రి నిద్రపట్టక పడుకుని, పొట్ట కొంచెం పెరిగింది, భోజనంలో బీరు మానెయ్యాలి, ఆ కొవ్వు కరిగించే మందేదో పనిచేస్తుందా చెయ్యదా అనుకుంటుంది. చూశారా! మొగుడికి వూరు, పెళ్ళానికి పొట్ట కొలత. సాయంత్రం సముద్రపు ఒడ్డున గెర్టీ అనే పిల్ల కనిపిస్తుంది. కూచున్నంతసేపూ అందాలరాశి. లేచి నాలుగడుగులు వేసేసరికి కుంటిదని తెలుస్తుంది, చూస్తున్న బ్లూమ్‌గారు అయ్యోపాపం అనుకుంటాడు. ఆడది నడవటమంటే ఎవరో ఒకరు చూసి తీర్పు చెప్పడమే అని 1904లోనే తెలిసినట్టుంది ఆ రచయితకి.

ఇప్పుడు నోరా దగ్గరికి వద్దాం. జాయిస్ ఆ తారీఖే ఎందుకు ఎంచుకున్నాడయ్యా అంటే, నోరాతో మొదటిసారి షికారు వెళ్ళింది ఆ సాయంత్రమేనని చెప్తారు. నోరా గాల్వే అనే వూరి పేద పిల్ల. ఒక కుర్రాడితో తిరుగుతోందని మేనమామ చావగొడితే ఇల్లొదిలి డబ్లిన్ వచ్చింది. 'ఫిన్స్ హోటల్' అనేచోట గదులూడ్చి పక్కలు సర్దే ఉద్యోగం. ముందు జూన్ 14న కలుద్దామనుకున్నారు. ఆ అమ్మాయి రాలేదు, ఈయన వీధిలో నిలబడి పడిగాపులు పడ్డాడు. 16న వచ్చింది. పని దిగి, చేతులు కడుక్కుని, ఒక సాయంత్రం తన ఇష్టప్రకారం రింగ్సెండ్ వైపు నడిచింది. అంతే! ప్రపంచమంతా చేసుకుంటున్న పండక్కి మూలం ఒక పనిపిల్ల షికారు. నడిచినందుకు ఒకసారి దెబ్బలు తిని కూడా మళ్ళీ నడవటానికి బయల్దేరిన పిల్ల. అది ఒంటికి మంచిదని డాక్టరు చెప్తే వెళ్ళలేదు.

ఆ ఫార్టీ ఫుట్ సంగతీ అంతే. అక్కడ 'మగవాళ్ళకు మాత్రమే' అని బోర్డు వుండేది. నవలలో మల్లిగన్ అనే కుర్రాడు పొద్దున్నే వెళ్ళి దర్జాగా దూకుతాడు. ఆడవాళ్ళకి ఆ రేవు లేదు. పుస్తకం వచ్చిన యాభై ఏళ్ళకి కూడా లేదు! 1974లో కొందరు ఐరిష్ స్త్రీలు గట్టిగా అడుగుతూ వెళ్ళి, మగవాళ్ళు గుడ్లురుముతుండగా నీళ్ళలో దిగారు. వాళ్ళు "మాకు కీళ్ళనొప్పులండీ, చన్నీళ్ళు మంచివిట" అని సాకు చెప్పలేదు. సముద్రం మాది కూడా అన్నారు, దిగారు. ఇవాళ అక్కడ స్త్రీలు నిస్సంకోచంగా మునుగుతున్నారంటే అది ఆ దూకుడు పుణ్యం. ఆ రేవుకి తీసుకెళ్ళి, "దీనివల్ల చర్మానికి ఎంత మేలంటే..." అని మనకి ఉపన్యాసమిస్తే ఒళ్ళు మండదూ?

మీరనొచ్చు - "పోనీలెండి, ఆరోగ్యం పేరు చెప్పయినా ఆడవాళ్ళు బయటపడుతున్నారుగా, పేరుదేముంది?" అని. ఇదే మాట నా స్నేహితురాలొకావిడ అన్నది. పేరులోనే వుంది తల్లీ! మన వీధుల్లో చూడండి. చీర కింద క్యాన్వాసు బూట్లు తొడుక్కుని, జడ ముడేసుకుని చేతులూపుకుంటూ పోతుంటే "ఎక్కడికి పిన్నిగారూ?" "వాకింగ్‌కమ్మా, షుగరు కదా!" అంతా సవ్యం. అదే నాలుగున్నరకి మామూలు చెప్పులేసుకుని, చేతిలో సంచీ అయినా లేకుండా బయల్దేరండి. "ఎక్కడికీ?" "ఊరికే." ఊరికేనా! ఇంట్లో ఏం గొడవైందో, కోడలేమన్నదో అని వీధి వీధంతా ఆలోచనలో పడుతుంది. మీవారు రాత్రి భోంచేసి "అలా వెళ్ళొస్తా" అని లుంగీతో కిళ్ళీకొట్టుదాకా పోతే ఒక్కడు అడగడు. ఆ 'అలా'కి అర్థమేమిటని ఏ నిఘంటువూ చెప్పలేదు.

పైగా సాకుతో వచ్చిన స్వేచ్ఛ సాకుతోనే పోతుంది. రిపోర్టులో షుగరు దిగింది అనుకోండి - "తగ్గిందిగా, ఇంకా ఎందుకు? పొద్దున్నే టిఫినాలస్యమవుతోంది." బూట్లు మంచం కిందకి! మోకాళ్ళు అరిగాయనుకోండి - "నడవొద్దన్నాడుగా డాక్టరు." అదీ అయిపోయింది. వెళ్ళమన్నదీ వాళ్ళే, ఆగమన్నదీ వాళ్ళే. మధ్యలో మీ కాళ్ళు మీవి కావు.

ఆ లెక్కలైనా పవిత్రమైనవా అంటే అదీ లేదు. రోజుకి పదివేల అడుగులు వెయ్యకపోతే పాపమన్నట్టు ఫోనుల్లో చూసుకుంటున్నామే, ఆ పదివేలు ఏ వైద్యశాస్త్రమూ పుట్టించింది కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రం అమ్మడానికి పెట్టిన పేరది - 'పదివేల అడుగుల మీటరు' అని. అమ్మకం బావుంది, అంకె నిలిచిపోయింది. రాత్రి తొమ్మిదింటికి మూడొందల అడుగులు తక్కువయ్యాయని వంటింట్లోనే గిరగిరా తిరిగే ఇల్లాళ్ళని నేనెరుగుదును. బ్లూమ్‌గారి ఛాతీ అంగుళంన్నర పెరిగిన సంబరమే ఇదీనూ!

డబ్లిన్‌లో ఈ పండగ మొదట చేసింది ఎవరనుకున్నారు? 1954లో, ఆ రోజుకి యాభై ఏళ్ళు నిండాయని, ఫ్లాన్ ఓబ్రియన్, పాట్రిక్ కవనా, ఇంకొందరు మిత్రులు కలిసి రెండు గుర్రబ్బళ్ళు మాట్లాడుకుని బయల్దేరారు. నవలలో వున్న చోటల్లా తిరగాలని సంకల్పం. దారిలో కనిపించిన సారాకొట్టల్లా ఆగుతూ, మధ్యదారిలోనే యాత్ర చాలించారు. పూర్తి చెయ్యలేదు! అయినా వాళ్ళనెవరూ "గమ్యం చేరలేదేం?" అని అడగలేదు. పైగా అదొక ముచ్చటగా ఇవాళ్టికీ చెప్పుకుంటున్నారు. వాళ్ళు కవులు, రచయితలు, మగవాళ్ళు. దారి తప్పినా అందమే. నోరా షికారు పేరు మీద పుట్టిన ఆ బళ్ళలో ఆడకూతురనేది ఒక్కతీ లేదు.

కాబట్టి స్పోకేన్ వాళ్ళకీ, డబ్లిన్ వాళ్ళకీ, రేపెప్పుడో ఉస్మానియా చెట్ల కింద 'అంపశయ్య పరుగు' పెడదామని ఉత్సాహపడేవాళ్ళకీ కూడా నాదొక్కటే మాట. పరుగులు పెట్టండి, తప్పులేదు. ఆ నవల పేరు పెట్టుకున్నాక మాత్రం కొలతబద్ద, గడియారం, బరువుతూచే యంత్రం ఆ ఒక్కరోజుకి బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఏ ఆడమనిషినీ ఎందుకొచ్చావని అడగొద్దు, వచ్చి ఎంత బరువు తగ్గావని అంతకన్నా అడగొద్దు.

ఆ స్పోకేన్ పరుగు దారిలో నది వుంది. అక్కడిదాకా వచ్చి, బూట్లు విప్పి, నీళ్ళు చూస్తూ కాసేపు కూచుని, ప్రళయపు మిట్ట ఎక్కకుండానే ఇంటిదారి పట్టిన ఇల్లాలు ఒకావిడ ఏదో ఒక ఏడు వుండే వుంటుంది. గీత దాటలేదు గనక ఆవిడకి చొక్కా ఇచ్చి వుండరు. నన్నడిగితే మొదటి చొక్కా ఆవిడకే ఇవ్వాలి, సైజు కూడా అడక్కుండా.