ఎండకు ఓర్చే గులాబీలు ఉన్నాయి



గులాబీ చలి ప్రాంతపు పువ్వనీ, మన ఎండల్లో పెంచడం దండగనీ మీ పత్రిక కిందటి సంచికలో వచ్చిన వ్యాసం చదివి మనసు చివుక్కుమంది. కడపలో మేడ మీద ఇరవై ఏళ్లుగా గులాబీలు పెంచుతున్నాను. తప్పు ఎండది కాదు, ఎంచుకునే రకానిది.

ఒకసారి నర్సరీలో బొమ్మ చూసి, పల్చటి రేకుల హైబ్రిడ్ టీ రకం గులాబీ మొక్క కొన్నాను. మే నెలలో పొద్దున విచ్చిన మొగ్గకు మధ్యాహ్నానికల్లా రేకుల అంచులు అప్పడంలా మాడిపోయేవి. పక్క కుండీలో, దండల్లో కట్టే ఎడ్వర్డ్ గులాబీ మాత్రం అదే ఎండలో గుత్తులుగా పూసింది.

వ్యాసంలో ఎం.ఎస్. వీరరాఘవన్ గారి ప్రస్తావనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఆయన మణిపూర్ కొండల అడవి గులాబీ రోజా జైగాంటియాతోనూ, నీటి ఒడ్డున పెరిగే మన రోజా క్లైనోఫిల్లాతోనూ సంకరం చేసి వెచ్చటి ప్రాంతాలకోసమే కొత్త రకాలు తీశారు. ఇంత పని మన దేశంలోనే జరిగితే చెప్పకపోవడం అన్యాయం కాదా?

మొక్కకు అంటు కట్టిన చోటును లోతుగా పాతమని ఆ వ్యాసం ఇచ్చిన సలహా కూడా షికాగో లాంటి ఊళ్లకే సరి. అక్కడున్న మా అమ్మాయి, మంచుకు అంటు చచ్చిపోకుండా రెండు మూడు అంగుళాల మట్టి కింద ఉంచుతుంది. మన దగ్గర అంటు మట్టిపైన కనిపించాలి. దాని కిందనుంచి లేచే అడవి చిగురును అప్పుడే గిల్లెయ్యగలం.

వేడి ప్రాంతాల రకాలమీద దయచేసి ఒక వ్యాసం వేయించండి.

– ఒక పాఠకురాలు, కడప