మజిలీ లేని ప్రయాణం

తెల్లవారుజామున మూడు గంటలకు హైదరాబాదులో బయలుదేరి, దారిలో ఒకే ఒక్కచోట ఆగి, మధ్యాహ్నానికల్లా గమ్యం చేరామని చెప్పుకోవడం మన మధ్యతరగతి గృహస్థులలో ఒక ఘనతగా స్థిరపడిపోయింది. ఎంత తక్కువ ఆగితే అంత సమర్థుడన్నమాట! విజయవాడ, బెంగుళూరు ప్రయాణాల గురించి నేను కూడా కొన్నేళ్లు అలాగే గొప్పలు పోయాను. ఇప్పుడు నా అభిప్రాయం పూర్తిగా మారింది. ప్రయాణ బడలికకు ఏ కషాయం మంచిదని అడిగే బంధుమిత్రులకు, దారిలో ఆగడం నేర్చుకోండని మాత్రమే చెబుతున్నాను. ఇది గ్రంథం చదివి తెలుసుకున్నది కాదు. ముందు దెబ్బ తిన్నాను, ఆ తరువాత గ్రంథం తిరగేశాను.

గత సంవత్సరం మాఘమాసంలో అమ్మ, నాన్నగారు, నా భార్య, ఇద్దరు పిల్లలతో సొంత కారులో తిరుపతి ప్రయాణమయ్యాను. కర్నూలు, నంద్యాల, కడప మీదుగా సుమారు 560 కి.మీ. దారి. కర్నూలు వరకు నాకు కొట్టిన పిండే. ఆపైన అంతా కొత్త. నంద్యాల దాటాక ఫోనులోని గొంతు ఇరవై నిమిషాలు కలిసివస్తాయంటూ ఒక పల్లెదారి చూపింది. ఆ దారిలో సగం మేర మొక్కజొన్నలు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, ఎదురుగా ట్రాక్టరు, వెనుక గేదెలమంద. చివరకు ఆ గొంతు మమ్మల్ని ఒక కాలువ గట్టు మీదికి చేర్చి మౌనం వహించింది. గట్టున కూర్చున్న ఒక పెద్దాయన "ఈడికి కారెట్ల తెస్తివి సామీ, ఎనక్కి తిప్పుకో" అని జాలిపడ్డాడు. మళ్లీ పెద్దరోడ్డు ఎక్కేసరికి గంటంబావు గడిచిపోయింది.

కూర్చుని చక్రం తిప్పేవాడికి అలసట ఏమిటని కొందరంటారు. తెలిసిన దారిలో చేతులు, కాళ్లు అలవాటు చొప్పున పని చేసుకుపోతాయి. కొత్తదారిలో ఆ వెసులుబాటు ఉండదు. ప్రతి మలుపునూ బుద్ధి నిర్ణయించాలి. ప్రతి బోర్డునూ కన్ను వెదకాలి. వంతెన కింద నుంచి పోవాలా, పైనుంచా అన్న చిన్న సందేహం కూడా మనిషిని బిగదీస్తుంది. భుజాలు పైకి లేచి అలాగే ఉండిపోతాయి, దవడలు బిగుసుకుంటాయి. ఆ సంగతి కారు దిగిన తరువాత గాని తెలియదు.

పోయిన గంటను రాబట్టుకోవాలన్న పంతం నాకు పట్టింది. ఆకలి దంచుతుండగా కడపలో ఆగి, కూరలు, నెయ్యి, గడ్డపెరుగుతో పుష్టిగా భోజనం చేసి, చేయి తడి ఆరకముందే మళ్లీ చక్రం పట్టాను. రైల్వే కోడూరు దాటి బాలపల్లి అడవి దారిలో పోతుండగా "ఏమండీ!" అని నా భార్య పెట్టిన కేకకు కళ్లు తెరిచాను. కళ్లు మూసుకున్నట్టు నాకు తెలియనే తెలియదు. ఎడమ చక్రాలు తారు అంచు దిగి గులకరాళ్ల మీద గరగరమంటున్నాయి. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు సాగుతుంది. మూడు సెకన్ల కునుకుకు 66 మీటర్లు. ఆ 66 మీటర్లు కారును నేను నడపలేదు.

అంతటితో అయిపోలేదు. తిరిగి వచ్చిన రెండో రోజున అమ్మకు చలిజ్వరం, మూత్రంలో మంట. డాక్టరుగారు పరీక్ష చేయించి మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ అన్నారు. విచారిస్తే తేలిందేమిటంటే, దారిలో ఇబ్బంది అవుతుందని అమ్మ తెల్లవారుజాము కాఫీ తరువాత గుక్కెడు నీళ్లు తాగలేదు. "నువ్వు తొందరలో ఉన్నావు కదా నాయనా, ఆపమని ఎలా అడగను?" అన్నది. నాన్నగారు రక్తపోటుకు వేసుకునే నీటి మాత్రను ప్రయాణపు రెండు రోజులూ చెప్పకుండా మానేశారు. కారణం అదే. పెట్రోలు బంకుల్లో శౌచాలయం, తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉండాలి. మేము ఆగిన ఒక బంకులో శౌచాలయానికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నవాడు ఊళ్లోకి వెళ్లాడట. ఇటువంటి అనుభవాలు నాలుగైతే ఏ స్త్రీ అయినా నీళ్లు తాగడం మానుకుంటుంది. దాన్ని ఓర్పు అని మనం మెచ్చుకుంటాం కూడా.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం పేరే 'న వేగాన్ ధారణీయం'. బిగబట్టరాని శరీర వేగాలు పదమూడింటిని అందులో చెప్పారు. మూత్రం, మలం, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర, శ్రమవల్ల కలిగే నిశ్వాసం మొదలైనవన్నీ ఆ పట్టికలోనివే. వాగ్భటుడు కూడా అష్టాంగహృదయంలో ఈ విషయానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆ పట్టిక చదువుతుంటే మా కారు నా కళ్ల ముందు కదలాడింది. ముందుసీట్లో నేను నిద్రను, ఆవలింతను అణచుకున్నాను. వెనుకసీట్లో అమ్మ దప్పికను, నాన్నగారు మూత్రాన్ని అణచుకున్నారు. పిల్లలొక్కరే ఏదీ దాచుకోలేదు. వాళ్లను నేను కసిరాను.

మూత్రవేగాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా వెడలడం, తలనొప్పి కలుగుతాయని చరకంలో ఉంది. నిద్రను ఆపితే ఆవలింతలు, ఒళ్లునొప్పులు, మగత, కన్నుల బరువు. దానికి చెప్పిన చికిత్స చూడండి: నిద్రపోవడం, ఒళ్లు పట్టించుకోవడం. అంతే! చూర్ణం లేదు, లేహ్యం లేదు.

అందువల్ల నిద్రను తరిమే చిట్కాలంటే నాకిప్పుడు నమ్మకం పోయింది. ముఖాన చన్నీళ్లు, పెద్దగా పాటలు, నోట్లో లవంగం, అద్దం దించి గాలి, ఇవి కాసేపు మరిపిస్తాయి గాని బాకీ తీర్చవు. కాఫీ కొంత నయమే, అయినా దాని పని మొదలుకావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ లోపల బండిని నీడన నిలిపి పదిహేను, ఇరవై నిమిషాలు కన్ను మూస్తే రెండింటి ఫలమూ దక్కుతుంది. జలుబుకు, కారులో తిప్పే వాంతులకు వేసుకునే మాత్రలలో చాలావాటికి మగత కమ్మించే గుణం ఉంది. పిల్లలకు వేసినా, చక్రం పట్టేవాడు వాటి జోలికి పోకూడదు. వాంతులకు అల్లం ముక్క బుగ్గన పెట్టుకోవడం మా ఇంట్లో బాగానే పనిచేస్తోంది. మజిలీ చేరాక గోరువెచ్చని నీళ్లలో కాళ్లు కడిగి, అరికాళ్లకు నువ్వులనూనె మర్దించుకుంటే బడలిక, తిమ్మిరి తగ్గుతాయి. పాదాభ్యంగాన్ని శాస్త్రం కూడా ప్రశంసించింది. అయితే అది మజిలీ చేరినవాడికి కదా!

మన దేశంలో 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటలకు మించి పని ఉండరాదనీ, ఐదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ నిర్దేశించింది. అది ఎంతవరకు అమలైందన్నది వేరే సంగతి. జీతానికి నడిపేవాడి కోసం ఆ మాత్రం ఆలోచన చేశారు. సొంత కుటుంబాన్ని ఎక్కించుకుని నడిపే గృహస్థుకు యజమాని లేడు, చట్టమూ లేదు. పైగా వాడు రాత్రి పదకొండు దాకా సామాన్లు సర్ది, మూడు గంటలు పడుకుని లేచినవాడు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడినుంచి కాశీకి వెళ్లారు. మేము వెళ్లిన దిక్కుకు సరిగ్గా ఎదురుదిక్కు. కాశీయాత్ర చరిత్రలో ఆయన మజిలీ మజిలీకీ దారి ఎట్టిదో, నీళ్లు ఎట్టివో, అంగళ్లు ఉన్నవో లేవో, దిగడానికి వసతి ఉన్నదో లేదో విసుగులేకుండా వ్రాశారు. పల్లకీలు, బోయీలు, పరివారంతో సాగిన ఆ ప్రయాణం మనం చేయలేం, చేయనక్కరలేదు. కాని బయలుదేరేముందు దారి ఎంతసేపు అన్నది ఒక్కటే చూసుకుని, నీళ్లెక్కడ, నీడెక్కడ అని చూసుకోకపోవడం మాత్రం మనకు కొత్తగా అబ్బిన గుణం.

ఈ సంవత్సరం మళ్లీ తిరుపతి వెళ్లాం. రాత్రి నిండా నిద్రపోయి, ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. రెండు గంటలకొకసారి పదిహేను నిమిషాలు ఆగాలని పిల్లలచేత కాగితం మీద వ్రాయించి, కాలం చూసే పని వాళ్లకే అప్పగించాను. నంద్యాలలో ఫోను దగ్గరిదారి చూపితే వినలేదు. రాత్రి కడపలో బస. మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేసి "ఇంకా కడపలోనే ఉన్నారా?" అని నవ్వాడు. నవ్వనీ. ఆ ఉదయం పెబ్బేరు దగ్గర ఆగినప్పుడు అమ్మ తనంతట తానే సీసా అందుకుని, నిండా రెండు గ్లాసుల నీళ్లు తాగింది.