తజ్రుబాకి గవాహి ఎవరు?

"పీఎంపీ చేయించాలంటే ఎంతవుతుంది భాయ్?"

బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ వైపు ఉండే మనవాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న సవాల్ ఇది. నేను జర్నలిస్టుని, మేనేజర్‌ని కాదు. అయినా అడుగుతారు. ఇంగ్లీషు కాగితాలు చదివి మత్లబ్ చెప్పేవాడు ప్రతి ఖాందాన్‌లో ఒకడుంటాడు కదా, మా దాంట్లో ఆ పని నాకొచ్చింది. నన్ను ఇబ్బంది పెట్టేది "ఎంత" అన్న మాట కాదు. "చేయించాలంటే" అన్న మాట. పిల్లాడికి అఖీఖా చేయించినట్టు, ఇంటికి రంగులు వేయించినట్టు, ఎవరికో డబ్బులిస్తే సర్టిఫికెట్ నడుచుకుంటూ ఇంటికొస్తుందన్న ఖయాల్ ఆ మాటలో ఉంది.

అసలు సంగతి చూద్దాం. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనేది 1969లో అమెరికాలో పుట్టిన సంస్థ. 1984 నుంచి పీఎంపీ సనద్ ఇస్తోంది. ఎవరు పడితే వాళ్లు ఫీజు కట్టి ఈ పరీక్షలో కూర్చోలేరు. 2021లో పరీక్షను మార్చినప్పటి షరతుల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి 36 నెలలు, ఇంటర్ లేదా డిప్లొమాతో ఆగినవాళ్లకి 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన తజ్రుబా ఉండాలి. అదీ గత 8 ఏళ్లలోపుది. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఒక నెలగానే లెక్క. దానికి తోడు 35 గంటల తాలీమ్. ఇంట్లో కూర్చుని సొంతంగా పుస్తకం చదివితే ఆ గంటలు పడవు. క్లాసులో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఎవరో ఒకరు నేర్పాలి, కోర్సు పూర్తయిందని కాగితం ఇవ్వాలి.

ఈ రెండు షరతుల్లో తాలీమ్ చాలా తేలిక. 35 గంటలంటే నాలుగైదు ఆదివారాల పని. బజార్లో అమ్మేది కూడా అదే. చిక్కంతా మొదటి షరతుతోనే. తజ్రుబా ఏ దుకాణంలోనూ దొరకదు కాబట్టి కొందరు దాన్ని కాగితం మీద తయారు చేసిస్తున్నారు. "అప్లికేషన్ మేమే నింపుతాం, మీరు ఫికర్ చేయకండి" అనే మనుషులు ఈ నగరంలో తక్కువేం లేరు. చేయని ప్రాజెక్టుకి పేరు పెడతారు, మఖ్సద్ రాస్తారు, నతీజా కూడా రాసేస్తారు. నెలలు సరిగ్గా 36 చేస్తారు. మూడేళ్లు టెస్టింగ్ బెంచీ మీద కూర్చున్న కుర్రాడు రాత్రికి రాత్రే పన్నెండు మందిని నడిపించిన లీడర్ అయిపోతాడు.

దొరకరా అంటే, దొరకచ్చు. ఆ సంస్థ కొన్ని దర్ఖాస్తులను ఆడిట్‌కి తీస్తుంది. మీ పేరు వచ్చిందంటే డిగ్రీ నకలు, తాలీమ్ కాగితం పంపాలి. ఒక్కో ప్రాజెక్టుకి మీ పైఅధికారో, ఆ పని తెలిసిన మరొకరో "అవును, ఇతను ఈ పని చేశాడు" అని తస్దీఖ్ చేయాలి. ఇచ్చే గడువు 90 రోజులు. కొందరి పేర్లే వస్తాయి, మన పేరు రాకపోవచ్చులే అన్న ధైర్యంతోనే ఆ దందా నడుస్తోంది.

నాకు ఇక్కడే మన బుజుర్గులు గుర్తొస్తారు. హదీసుని ఒప్పుకోవడానికి వాళ్లు పెట్టిన షరత్ ఏమిటి? మాట ఎంత అందంగా ఉన్నా సరే, ఎవరి నుంచి విన్నావు, ఆయన ఎవరి నుంచి విన్నాడు అని సనద్ మొత్తం చూపించాలి. రావీ నమ్మదగినవాడా కాడా అని వెతకడానికి ఒక ఇల్మ్‌నే తయారు చేశారు, అస్మా ఉర్ రిజాల్ అని. ఇద్దరూ ఒకే జమానాలో బతికి, కలిసే మౌకా ఉంటే ఇమామ్ ముస్లిం ఒప్పుకున్నారు. ఇమామ్ బుఖారీ అంతటితో ఆగలేదు, కలిసినట్టు సుబూత్ కావాలన్నారు. ఇంత కడక్ ఆడిట్ పన్నెండు వందల ఏళ్ల కిందటే నడిపిన ఉమ్మత్ మనది. అమెరికా వాడు "నీ పనికి గవాహి ఎవరు" అని అడిగితే దాన్ని జుల్మ్ అనుకోవడం నాకు అర్థం కాదు.

దొంగ గవాహి గునాహె కబీరాల్లో ఒకటని మనకు చిన్నప్పుడే మక్తబ్‌లో చెప్పారు. దాన్ని మనం కోర్టు బోనుకే పరిమితం చేసి పెట్టుకున్నాం. దోస్తు కోసం "ఇతను నా కింద రెండేళ్లు ప్రాజెక్టు నడిపాడు" అని ఒక ఈమెయిల్ కొట్టడం మాత్రం మదద్ అనుకుంటున్నాం. సూరె నిసా 135వ ఆయత్ ఒకసారి తీసి చూడండి. గవాహి విషయంలో అమ్మానాన్నలకీ, దగ్గరి చుట్టాలకీ కూడా రియాయత్ లేదు. దోస్తుకి ఎక్కడ నుంచి వస్తుంది?

ఇప్పటిదాకా చెప్పింది తజ్రుబా లేకుండా ఉందన్నవాళ్ల గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టేది దీనికి ఉల్టా కేసు. తజ్రుబా దండిగా ఉండి, అది తజ్రుబా అని తెలియనివాళ్లు.

బాచుపల్లి అంటే ఒక్క ఐటీ కాదు. డాక్టర్ రెడ్డీస్ లాంటి మందుల కంపెనీల ప్లాంట్లున్న ఊరు ఇది. కొత్త మెషీన్ దిగితే దాన్ని బిగించి, పరీక్షలు పెట్టించి, కాగితాలు తయారు చేయించి, తారీఖులోపు ఉత్పత్తికి అప్పగించే మనిషి ఒకడుంటాడు. అతని పేరు పక్కన "ఎగ్జిక్యూటివ్" అనో "ఇంజనీర్" అనో ఉంటుంది, ప్రాజెక్ట్ మేనేజర్ అని ఉండదు. అందుకని తనకు అర్హత లేదనుకుంటాడు. కానీ అక్కడ చూసేది కుర్చీ పేరు కాదు. పని నువ్వు నడిపావా, మనుషుల్ని, టైముని, ఖర్చుని నువ్వు సంభాళించావా అన్నదే. ఇదే మాట మా గల్లీలో ఒక తమ్ముడికి చెబితే, "అది రోజూ చేసే డ్యూటీ కదా భాయ్" అన్నాడు. రోజూ చేసే డ్యూటీకీ ప్రాజెక్టుకీ ఫరఖ్ ఉంది. ప్రతిరోజూ మాత్రలు కొట్టడం డ్యూటీ. ఆ మాత్రలు కొట్టే కొత్త లైన్ నిలబెట్టడం ప్రాజెక్టు. దానికి మొదలుంది, ఆఖరుంది. అతను ఆ లెక్కన మూడు నిలబెట్టాడు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ల కథ ఇంకోటి. రియాద్‌లోనో దోహాలోనో పదేళ్లు సైటు మీద ఎండలో నిలబడి బిల్డింగులు లేపినవాళ్లు. డిప్లొమా చదివినవాళ్లకి 60 నెలల షరత్ అంటే వాళ్ల తజ్రుబాలో సగం. కానీ తస్దీఖ్ చేసేదెవరు? సౌదీ ఓజర్ లాంటి పెద్ద కంపెనీయే 2017లో మూతపడింది. వేలమందికి జీతాలు ఆగిపోయాయి. అలాంటి చోట పనిచేసినవాడి తజ్రుబా కూడా కంపెనీతో పాటే మట్టిలో కలిసిపోయిందని అనుకుంటారు. అవసరం లేదు. కంపెనీ లెటర్‌హెడ్ పోయినా, ఆ పని చూసిన మేనేజరో క్లయింటో ఎక్కడో బతికే ఉంటాడు. ఆయన నంబర్ మన ఫోన్‌లో ఉందా లేదా అన్నదే మసలా. మనవాళ్లు వతన్‌కి వచ్చేటప్పుడు పెట్టె నిండా కంబళ్లు, అత్తర్లు తెచ్చుకుంటారు. చేసిన పని మీద ఒక కాగితం, పై ఆఫీసర్ సంతకం తెచ్చుకోరు.

పెళ్లిళ్లు చేయించిన అనుభవం కూడా రాయచ్చా అని ఒకాయన నన్ను అడిగారు, నవ్వులాటకి కాదు. రాయకూడదు. ఇంటి దావత్‌లు, కాలేజీ ప్రాజెక్టులు ఈ లెక్కలోకి రావు. నలభై దేగ్‌ల బిర్యానీ టైముకి దించడం చిన్న పనని నేననను, కానీ అది మన ఘర్ కా మామ్లా.

షరతులన్నీ సరైనవే అని కూడా నేను చెప్పడం లేదు. ఆ 8 ఏళ్ల లెక్క ఆడవాళ్ల మీద ఎక్కువ పడుతుంది. మియాపూర్, బాచుపల్లి ఫ్లాట్లలో ఎంతమంది మన బెహన్లు ఇంజనీరింగ్ చదివి, ఐదారేళ్లు టీముల్ని నడిపి, నికా తర్వాత, పిల్లల తర్వాత ఇంట్లో ఆగిపోయారో లెక్కేసుకోండి. చిన్నోడు మూడో తరగతికి వచ్చి, ఆమె మళ్లీ లేచేసరికి పాత తజ్రుబా అంతా గడువు దాటిపోతుంది. చేసిన పని చేయనట్టే. నేర్చుకున్న 35 గంటలకి అలాంటి గడువు లేదు. క్లాసులో విన్నది ఎప్పటికీ చెల్లుతుంది, చేతులతో చేసింది మాత్రం చెల్లదట. ఇది నాకు ఇన్సాఫ్‌గా అనిపించదు.

అందుకే ఇంట్లో కూతురో కోడలో ఉద్యోగం మానేసే ముందు, ఆమె మూడేళ్లు పూర్తయి ఉంటే, పరీక్ష రాయించండి. తర్వాత మూడేళ్లకోసారి 60 పీడీయూలు, అంటే తాలీమ్, సేవ లెక్కలు చూపించి సనద్‌ని జిందా ఉంచుకోవచ్చు. చాలా భాగం ఇంట్లో ఉండే చేసుకోవచ్చు. అత్తగారు ఒక రెండు గంటలు పిల్లల్ని చూసుకుంటే చాలు.

తజ్రుబా అసలు లేని పిల్లలకి, వీఎన్‌ఆర్ లాంటి కాలేజీల నుంచి నిన్నగాక మొన్న బయటికొచ్చిన వాళ్లకి, సీఏపీఎం అని వేరే పరీక్ష ఉంది. దానికి 23 గంటల తాలీమ్ చాలు, తజ్రుబా అడగరు. అది చేతిలో ఉంటే రేపు పీఎంపీకి ఆ 35 గంటలు మళ్లీ చూపించక్కర్లేదు. అబద్ధం లేని తోవ ఇదొకటి తెరిచే ఉంది, కానీ "అది చిన్నది, పెళ్లి సంబంధానికి పనికిరాదు" అని ఒక అమ్మీ నాతో అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబ్ లేదు.

ఇక పెద్ద కుర్చీల్లో ఉన్న మన భాయీలకు ఒక అర్జీ. దొంగ గవాహి ఇవ్వొద్దన్నాను. సచ్చీ గవాహి దాచడం కూడా అంతే గునాహ్. కింద నిజంగా పనిచేసిన కుర్రాడు తస్దీఖ్ కోసం ఈమెయిల్ పెడితే మూడు వారాలు తెరవని వాళ్లు ఉన్నారు. "నేను బిజీ" అంటారు. "సర్టిఫికెట్ వస్తే వెళ్లిపోతాడు" అనే లెక్క లోపల ఉంటుంది. 90 రోజుల గడువులో మూడు వారాలు తక్కువేం కాదు. వెళ్లిపోతే వెళ్లనివ్వండి, రిజ్ఖ్ రాసేది మీరు కాదు. అతను పంపిన నాలుగు పంక్తులు చదవండి. నిజమైతే ఆ రోజే సంతకం చేయండి. నెలలు ఎక్కువ వేసుంటే ఫోన్ చేసి, "బేటా, ఇది పద్నాలుగు నెలలు కాదు, తొమ్మిది, దిద్దుకో" అని చెప్పండి.